వంకర వాకిలి

జాబ్రియాలో నాలుగో అంతస్తు. ఏసీ కింద తివాచీ మీద
పెట్టె బోర్లించినాడు మిషారి.
వడగళ్లు పడినట్టు బూడిదరంగు ఇటుకలు,
ఒక్కోటి నా బొటనవేలి గోరంత.

ఏది యాడ పెట్టాలో గీసిన కాగితం ఉండాది.
దాన్ని రాకెట్టు చేసి ఎగరేసినాడు.
"మన కోట మనమే కడదాం, హుసేనా."

వాకిలి నేరుగా పెడతా ఉంటే చెయ్యి పట్టుకున్నా.
వంకర తిప్పు.
"లేష్?"
ఎందుకంటే ఏం చెప్పేది? నాది వంటింటి అరబ్బీ:
ఉల్లిగడ్డ, ఉప్పు, ఇస్త్రీ, రేపు.
మోకాళ్ల మీద వంగి, చేతిని తొండం చేసి
ఉరికొచ్చి సోఫాకు గుద్దుకున్నా.
"ఫీల్!" అని అరిచినాడు.
ఔ నాయనా, ఏనుగే.
మలుపులో దానికి ఉరికే జాగా దొరకదు.

గండికోటలో మేకలు తోలుకుంటా
అట్లాంటి మలుపు నీడలో
ఎన్ని ఎండలు తప్పించుకున్నానో,
ఆ మాటలు మాత్రం నాకు రావు.

రాజు మేడ తర్వాత, గాదె ముందు, అన్నా.
గింజలకు బదులు పసుపు ఇటుకలు పోసినాడు.
వంటామె యాడుంటాదని అడిగితే
జుట్టూడిన బొమ్మను వెతికి తెచ్చి
బురుజు మీద, జెండా పక్కన నిలబెట్టినాడు.
అక్కడ గాలి బాగా వస్తాదంట.

నడిరాత్రి మేడమ్ పిలిస్తే
చీకట్లో పోతా ఉన్నా, అరికాల్లో దిగింది ఒకటి.
తలుపుకు మేకులు కొట్టడం మరిచితిమే అనుకుంటి గానీ.

ఒంటికాలి మీద నిలబడి నోరు మూసుకొని నవ్వినా.
ఏనుగైతే మూడు కాళ్ల మీద నిలబడి ఉంటాది.