విప్పని చీట్లు

పన్నెండేళ్లుగా సాంతారెం రేవులో చేపలు తూస్తున్నాను.
దండి ఎక్కడ కొడతారో నన్నడగండి.
అందరూ బొటనవేలనుకుంటారు. కాదు,
అది జనానికి కనపడే చోటే ఉంటుంది.
చిటికెనవేలు.

అందుకే ఏడుగురిలో నాలుగో కుర్చీలో నన్ను కూర్చోబెట్టి
ఒకరితో ఒకరు మాట్లాడకూడదని చెప్పాక
ఎదురుగా వాదించే వాళ్ల చేతులే చూస్తూ కూర్చున్నాను.

ప్రాసిక్యూటర్ ఒతాసీలియోకి గంటన్నర.
నల్ల గౌను, ఎర్ర నడికట్టు,
రాత్రే నానబెట్టుకొచ్చిన దుఃఖం గొంతులో.
ప్లాస్టిక్ సంచిలో తెడ్డు తెచ్చాడు.
విసరలేదు. మా ముందు బల్ల మీద
నిద్రపోయిన పసిబిడ్డని దించినట్టు దించాడు.
"దీని బరువు రెండు కిలోలు."
చూస్తూనే ఉన్నాను, కిలో మూడొందలు దాటదది.
తడిస్తే కిలోన్నర.
చచ్చిపోయిన మనిషి మీద ఇంకో ఏడొందల గ్రాములు
ఎందుకేశాడో. అక్కర్లేదుగా.

మూడో వరసలో ఎడివాల్ తల్లి,
కొడుకు మొహం అచ్చేసిన చొక్కా తొడుక్కుంది.
ఆమె ఊపిరి పీల్చినప్పుడల్లా
వాడి నవ్వు కొంచెం వెడల్పయ్యేది.

ముద్దాయి ఇవాండ్రో, పడవ ఇంజన్ల మెకానిక్.
గోళ్లలో గ్రీజు
రెండేళ్ల జైల్లోనూ వదల్లేదు.

తర్వాత తాయ్‌నారా,
డబ్బుల్లేనివాళ్లకి సర్కారిచ్చే లాయరు.
గౌను ఎవరిదో, చేతులు వేళ్ల దాకా దిగాయి.
ఈ పిల్లకి దండి కొట్టడం రాదు.
కాగితాలు తిప్పుతూ పేజీ తప్పింది.
ఇంజన్ ఎవరు ఆపారో చెప్పబోయి
"నది ఆ పూట..." అని ఆగిపోయింది.

ఫ్యాను తిరిగింది.
బయట ఎవరో ఉడికించిన పుపున్యా కాయలు కేకేసి అమ్ముకుంటున్నారు.
ఆమె వదిలేసిన ఆ మాట పట్టుకుని
నేనే వెళ్లాను నది మీదికి.
బురద అమెజానూ పచ్చటి తపజోసూ
కలవకుండా పక్కపక్కనే పారే చోట
చీకట్లో ఒక పడవ. ఇద్దరు మనుషులు. ఒక్క తెడ్డు.

టైములో పదకొండు నిమిషాలు మిగిలుండగానే కూర్చుండిపోయింది.

ఒతాసీలియో మళ్లీ లేచి ఇంకో గంట చెప్పాడు.
ఆమె కూడా మళ్లీ లేచింది, ఈసారి కాగితం లేకుండా.
"ఎందుకు కొట్టాడో నాకు తెలీదు.
కొట్టాక నీళ్లలోకి ఎందుకు దూకాడో తెలుసు.
వెతకడానికి."
అంతే.
చేతులెక్కడున్నాయో
చూడటం మర్చిపోయాను.

లోపలి గదిలో ప్రతి ప్రశ్నకీ రెండు చీట్లిచ్చారు,
ఒకటి అవును, ఒకటి కాదు.
ఒకే కాగితం, ఒకే మడత. అరచేతుల్లో తూచి చూశాను, పాత అలవాటు,
వెంట్రుకంత తేడా లేదు.
ఎంచుకున్నది ఒక సంచిలో వెయ్యాలి,
మిగిలింది ఇంకో సంచిలో.

మనిషి చచ్చాడా?
కొట్టింది ఇతనేనా?
ఇతన్ని విడిచిపెడుతున్నారా?

రెండు అవునులు తలుపు మూస్తాయి,
మూడో అవును తెరుస్తుంది.
ఆ మూడోదాని దగ్గర నా వేళ్లకి చెమట పట్టింది,
చీటీ మెత్తబడింది.

వేశాను.

నాలుగు ఒకేలా రాగానే జడ్జిగారు ఆపేస్తారు.
తక్కిన మూడూ విప్పరు.
ఎవరు ఏది వేశారో బయటపడకూడదట.
నాది విప్పారో,
మడత మడతలోనే పోయిందో.
ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే.
అవతలి సంచిలో వేసిన చీటీ సంగతి
అసలెవరూ అడగరు.

తెల్లారి రేవులో దోనా జులీట్టా
బుట్ట కింద పెట్టి, గొంతు తగ్గించి,
"నువ్వేం వేశావే?" అంది.

తంబకీ చేపని కాటా మీద పెట్టాను.
"కిలో రెండొందలు" అన్నాను,
చిటికెనవేలు మడిచి,
ఆమెకి కనపడేలా.