సూక్ష్మజీవి వేషం

నల్లబల్ల మీద మూడుసార్లు రాశాను:
"కలరా కలుషితమైన నీటివల్ల, ఆహారంవల్ల,
అశుభ్రమైన చేతులవల్ల వ్యాపించును."
తొంభై మూడు మంది పిల్లలు, ముప్ఫై నోటుపుస్తకాలు.
ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకున్నారు.
పరీక్షలో అందరూ పాసు.
ఆ వానాకాలమే
రెండో వరసలో కూర్చునే ఫట్సానీ
బడికి రావడం ఆగిపోయింది.
హాజరుపట్టీలో ఆ పేరు కొట్టెయ్యడానికి
నా దగ్గర ఎర్ర ఇంకే ఉంది.

మరుసటి ఏడు జియోనె కలియాటి వచ్చింది,
మలావి సరస్సు ఒడ్డున మా బడికి కొత్త పంతులమ్మ.
వస్తూనే బెంచీలు గోడకి జరిపించింది.
(ఉన్నవి నాలుగే, ఎంతసేపు!)
నేల మీద సుద్దతో సున్నా చుట్టి, ఇది బావి అంది.
చితెంజె గుడ్డ భుజాల మీద కప్పుకుని ఒక పిల్ల ఈగయింది.
ఇద్దరు కలిసి బకెట్టు. ఒకడు తాడు.
మరి జబ్బెవరు?
ఎవరూ చెయ్యెత్తలేదు.
చివరికి లింబికానీ లేచాడు,
లెక్కల్లో నా చేత ఎనిమిదిసార్లు గుండుసున్నా వేయించుకున్నవాడు,
బెంచీ అందని వాళ్ళలో కూడా వెనకవాడు.
వాడి అరచేతుల నిండా మొక్కజొన్న పిండి పోసి
"నీకు మాటల్లేవు" అందామె.
"ఎవరు చెయ్యిస్తే వాళ్ళకి చెయ్యివ్వు. అంతే."

గుమ్మంలో నిలబడి నవ్వుకున్నాను.
ఇది చదువా, పగటివేషమా?
పావుగంట గడిచింది.
బావి గట్టున పిండి, బకెట్టు మెడ మీద పిండి,
ఈగ రెక్కన, గంజి గిన్నెన, పెళ్ళికూతురి చెంపన,
నా కోటు మోచేతి మీద
ఐదు వేళ్ళు, తెల్లగా.
వాడు నన్నెప్పుడు తాకాడో నాకు తెలీదు.

శనివారం అదే ఆట ఊరి ముందు,
చేపలు ఎండబెట్టే తడికల పక్కన.
ఆటలో తల్లి సబ్బుతో చేతులు కడుక్కుంటోంది.
సబ్బు లేదు, ఉత్త గాలిని రుద్దుతోంది
పంతులమ్మ నేర్పినట్టే.

"ఆపండి!"
తలమీది గంప దింపకుండానే అరిచింది నాసిబెకో.
"ఆ సబ్బెవరు కొన్నారు?
ఒక్క బిళ్ళకి నాకు ఒక పూట గంజి పోతుంది.
గాలి సబ్బయితే నేనూ రోజుకి పదిసార్లు కడుగుతా!"
జనం ఘొల్లుమన్నారు.
తల్లి వేషం పిల్ల బిక్కమొహం వేసింది.
దీనికి జవాబు పుస్తకంలో లేదు.
నాకు తెలుసు, ఆ పుస్తకం చెప్పేది నేనే.
జియోనె వాదించలేదు.
"అయితే నువ్వొచ్చి చూపించమ్మా" అంది.

గంప దిగింది.
నాసిబెకో ఆటలోకి నడిచింది,
ఎలా నిలబడాలో తెలీక
నడుం మీద చేతులు మార్చి మార్చి పెట్టుకుంటూ.
"బూడిద!" అందెవరో ముసలావిడ వెనకనుంచి,
"మా అమ్మ బూడిదతోనే తోమేది మమ్మల్ని."
చేపలు కాల్చే పొయ్యిలోంచి పిడికెడు తెచ్చి
ఈసారి నిజంగానే రుద్దుకుంది.
మణికట్టు దాకా, గోళ్ళ సందుల దాకా.
లింబికానీ ఎదురొచ్చి చెయ్యి చాచాడు.
ఆమె ఇవ్వలేదు.
అలాంటప్పుడు ఏం చెయ్యాలో వాడికెవరూ నేర్పలేదు.
చాచిన చెయ్యి చాచినట్టే నిలబడ్డాడు.
గాలికి పిండి కొంచెం కొంచెంగా రాలింది.

పడవల యజమాని మాత్రం మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు.
ఆయన కూలీలకి ఇప్పటికీ మరుగుదొడ్డి లేదు.
ఆ ఆట ఇంకా కట్టాలి.

టర్ము చివర్న ప్రశ్న మళ్ళీ నేనే ఇచ్చాను:
కలరా ఎట్లు వ్యాపించును?
కాగితం తర్వాత కాగితం
నా వాక్యమే నాకు తిరిగొచ్చింది, కామాలతో సహా.
లింబికానీ రాసింది రెండు ముక్కలు:
"నేనెవర్నీ తరమలేదు.
వాళ్ళే చెయ్యిచ్చారు."

లాంతరు ముందు
ఎర్ర కలం మూత తీస్తాను, పెడతాను, తీస్తాను.
పదికి ఎన్ని వెయ్యాలి?