చెప్పుల గుర్తు

వంకాయ మానేసిండు ఓదెలు,
ఎండుచేప మానేసిండు,
వేపాకు నూరి పూసిండు.
దురద మానలే.

ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు మోసేటోళ్లం,
మంట మాకు కొత్తగాదు.
ఇది మంట గాదన్నా,
లోపట్కెల్లి ఎవరో పిలిచినట్టున్నదన్నడు.

ఎంజీఎంల డాక్టరమ్మ
ముందుగాల మందు రాయలే.
రెండు పాదాలు పక్కపక్కన పెట్టుమన్నది.
బొటనేలి సందుకెల్లి రెండు పాయలు,
ఎర్రగ, చెమ్మగ,
అచ్చు పోసినట్టు.

కొత్త చెప్పులా?
కాజీపేట టేషన్ కాడ కొన్నయి.

చల్లనీళ్లు, పల్చగ మలాము, రాత్రికో గోలి.
గోకద్దు. చెప్పులు ముట్టద్దు.
పెదవి వాస్తే, ఊపిరాడకుంటే
పొద్దని రాత్రని సూడక ఉరికిరావాలె.

పదిరోజులకు పాయలు ఆరినయి.
చెప్పులు మాత్రం పారెయ్యలే, మూడొందలాయె.
కొడుకు ఏసుకున్నడు.
వాని కాళ్లు నున్నగ,
ఏమీ ఎరగనట్టు.