లాగ్ బుక్కు

గరివిడిలో ఏడూ పది పాసింజరు ఎక్కుతాను.
ఇరవై ఏడేళ్లు ఈ వేళకి
నైట్ షిఫ్టు దిగి, కళ్లలో నిప్పు ఆరక,
పట్టాలు దాటి ఇంటికి నడిచేవాణ్ని.
ఇప్పుడు ఇస్త్రీ చొక్కా. టిఫిన్ డబ్బా. జేబులో సుద్దముక్క.
విజయనగరంలో దిగితే
ఆటో కుర్రాడు "కాలేజీకేనా, మాస్టారూ" అంటాడు.
ఎవరినో పిలిచాడనుకుని
ఇంకా వెనక్కి తిరిగి చూస్తున్నాను.

ఆర్డరులో రాసింది: ఆచరణాచార్యుడు.
మా సూర్యకాంతం రెండుసార్లు చదివి
"అంటే పురోయితం పనేటి?" అంది.

మొదటిరోజు
బోర్డు మీద ఉష్ణ సమీకరణం మొదలెట్టి
మూడో పదం దగ్గర ఆగిపోయాను.
యాభై నాలుగు మొహాలు. ఫ్యాను చప్పుడు.
ఫర్నేసు ముందు ఏనాడూ పట్టని చెమట
మెడ వెనక నుంచి దిగింది.
"మరిచిపోయాను. రేపు చెప్తాను."
వెనక బెంచీలో ఎవడో
"ఒరే, నిజమే సెప్పేసినారు" అని గొణిగాడు.

డాక్టరు హైమవతికి నా కూతురి వయసు.
స్టాఫ్ రూములో, చల్లారిన టీ పక్కన,
ఆ మూడో పదం నాకు నేర్పింది.
బదులుగా నేనేం ఇవ్వగలను?
ఫర్నేసు గొంతు ఇచ్చాను:
ఎలక్ట్రోడు సరిగ్గా దిగితే తుమ్మెద రొద,
కురచైతే కాలిన పెనం మీద నీటిచుక్కలు.
అంచున వెలుగు జీడిపండు పసుపుకి తిరిగాక
అప్పుడు పొడవాలి మట్టి బిరడా.
ఆమె నోట్సు రాసుకుంది.
నా మాటను ఎవరైనా రాసుకోవడం
అదే మొదలు.

ఓ శనివారం పిల్లల్ని చిట్టెం గుట్టకి తీసుకెళ్లాను.
కంపెనీ మూసేసిన చోట మేకలు మేస్తున్నాయి.
నల్లగాజు పెళ్లలు చేతికిచ్చి బరువు చూడమన్నాను.
బరువెక్కువ ఉన్నదాంట్లో
మేం పారేసుకున్న లోహం ఉంది.
కళ్లు మూసుకుని సరిగ్గా ఏరింది ఒక్కతే, బమ్మిడి రేవతి.
దానికి మార్కులు వేసే గడి
నా కాగితంలో లేదు.

రెండో ఏడు శాఖాధిపతి కుర్చీ ఇచ్చారు.
కుర్చీ వీపున తెల్ల తువ్వాలు.
మొహం తుడుచుకుందామని తీస్తే
ప్యూను పైడియ్య కంగారు పడ్డాడు,
"అది తుడుసుకోడానికి కాదు బాబూ."
మరి దేనికో అతనికీ తెలీదు.

ఫైళ్లు. హాజరు శాతాలు. తనిఖీ కమిటీ కోసం
గోడలకు సున్నం, వరండాలో అద్దె మొక్కలు.
నవ్వే హక్కు నాకు లేదు,
ఫర్నేసుకైనా తనిఖీ ముందే రంగేసేవాళ్లం.

గంటస్తంభం దగ్గర ఎర్ర అట్ట లాగ్ బుక్కు కొన్నాను.
"ఈరోజు క్లాసులో ఏది చెడింది, ఏది మనకే తెలీలేదు,
దిగేవాళ్లు రాయండి, ఎక్కేవాళ్లు చదవండి."
వారం రోజులు తెల్ల కాగితం.
సీనియర్లు మర్యాదగా నవ్వారు.

తప్పు నాదే. ముందు నేను రాయలేదుగా.

ఆ రాత్రి మొదటి పేజీ నింపాను.
పద్నాలుగేళ్ల కిందటి సి షిఫ్టు.
ఖనిజం తడిగా ఉంది, వద్దన్నాడు తవిటయ్య.
టన్నుల లెక్క తగ్గుతుంది, వెయ్యమన్నాను నేను.
ఫర్నేసు కక్కింది.
అతని ఎడమచెయ్యి సంగతి
ఆనాటి లాగ్ బుక్కులో
"స్వల్ప గాయం" అని నా దస్తూరీ.
సంతకం కూడా బాగానే కుదిరింది.

మర్నాడు క్లాసులో అదే చదివాను.
ఫ్యాను చప్పుడు.
రేవతి చెయ్యెత్తింది,
"ఇది పరీక్షకి వస్తాదేటి, సారూ?"
"వస్తాది" అన్నాను నేనూ మా ఊరి మాటలోనే,
"ఏ యేడు, ఏ షిఫ్టులో అన్నది
పేపరు ఇచ్చేవాడికీ తెలీదు."

సాయంత్రం బుక్కు తెరిస్తే
నా పేజీ కింద హైమవతి చిన్నచిన్న అక్షరాలు:
"మూడో పదం అక్కడికి ఎందుకొస్తుందో
నాకూ పూర్తిగా తెలీదు. బట్టీ పట్టాను."

తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాను.
పైడియ్య చూశాడు, ఏమీ అనలేదు.
పాసింజరుకి ఇంకా టైముంది.
పక్క పేజీలో గీత కొట్టి
రేపటి తేదీ వేశాను.