మూడు పలకలు

కిసుము రేవులో మూడు ఐసు ఫ్యాక్టరీలు.
ఆ మంగళవారం మూడు పలకల మీదా
ఒకే అంకె, ఒకే చేతిరాత. నాది.

"నీళ్ళు ముగ్గురికీ ఒక్క రాత్రే పిరమయ్యాయా?"
చేపల గంప దించి అడిగింది ఆవూర్.
సుద్ద అంటిన చెయ్యి జేబులో దాచుకున్నాను.

నైరోబీ నుంచి మ్వెండే వచ్చింది,
చేతిలో చట్టం పేరున్న ఒక్క కాగితం.
సొరుగులో నామకరణం నాటి ఫోటో:
భుజాల మీద చేతులేసుకున్న ముగ్గురు యజమానులు.
వెనక్కి తిప్పింది.
అదే అంకె.

కలిసి తినొచ్చట, తాగొచ్చట,
ధర మాట మాత్రం కంచంలో పడకూడదట.

ఇప్పుడు పలకకో అంకె.
ఆవూర్ మూడు చోట్లా బేరమాడి
రెండు షిల్లింగులు మిగుల్చుకుంది.
మా యజమాని ఐసు దిమ్మ కోస్తూ
రోడ్డవతలికి చూసి గొణిగాడు:
"వాడి బిడ్డకి పేరు పెట్టింది నేనే."