నిమిషానికి నలభై రూపాయలు

మిర్యాలగూడల, రైసుమిల్లు గోడకానుకొని నా గది.
కిటికీ తెరిస్తే కీబోర్డు నిండ ఊక.
నామ్ గిచల్ తీసిన ఆరు సినిమాలూ
ఈడనే తెలుగయినయి.

మొదటిదాన్ల చేపలమ్మే అన్నదమ్ములు. ఎవ్వరూ చూడలేదంట.
రెండోది కొంచెం ఆడింది.
మూడోదానికి ఇల్లమ్మిండు.
తర్వాత తొమ్మిదేండ్లు
పక్కోళ్ల సినిమాలకు మాటలు రాసిండు,
పేరు లేకుండ.
ఆ తొమ్మిదేండ్లే నాకు బాగ తెలుసు.

కొరియన్ రాదు నాకు.
ఇంగ్లీషు కాగితం చూసి రాస్త.
కాగితంల 'ఎలా ఉన్నావు' అని ఉన్నకాడల్లా
చెవిల మాత్రం 'పప్' అని చిన్న చప్పుడు,
జైలు గేటు కాడ, అప్పులోని తోని, అర్ధరాత్రి ఫోన్ల.
ఐదు సినిమాలు దాటిపోయిన, పట్టించుకోలే.

ఆరోదాన్ల
ఇల్లు జప్తు చెయ్యొచ్చిన బ్యాంకు పిలగాన్ని
ముసలామె అదే మాట అడిగి
కుక్కర్ మూత తీసింది.
ఆవిరికి కెమెరా అద్దం మసకబారింది.
తుడవలేదు నామ్ గిచల్, అట్లనే ఉంచిండు.

'బువ్వ తిన్నవా' అని కొట్టిన.
హైదరాబాదు నుంచి ఎర్రగీత:
ప్రామాణికం కాదు, మార్చగలరు.

మార్చాల్నా వద్దా అని కూసున్న.
షిఫ్టు దిగి సైదులొచ్చిండు, సెల్లు ఛార్జింగుకు,
మెడ మీద తవుడు, భుజం మీద గోతం మడత.
సౌండు బంద్‌ల ఉంది.
'ఏమంటుందన్నా ముసల్ది?'
'తిన్నవా అంటుంది.'

తెర దిక్కు తిరిగి
నాకు కాదు, ఆమెకే చెప్పిండు:
'ఇంకా లేదవ్వా.'