మూడు గొంతుల పాట

కుతాయిసిలో అయిదో అంతస్తు, లిఫ్టు లేదు.
బట్టల బీరువాలో మఖ్వాలా పిన్ని నిలబడింది,
చుట్టూ చలికోట్లు, కలరా ఉండల వాసన.
నడవలో జుంబెర్, వెనక గోడకు ఆనించిన పరుపు.
వంటింట్లో ఒతియా బాబాయి
మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని,
నోటికి జానెడు దూరంలో మైకు.
చెవుల్లో ఒకరికొకరు తప్ప
ఎవరికీ ఎవరూ కనపడరు.

పగలు నేను పళ్ల సెట్లు చేస్తాను.
వెంట్రుకంత ఎత్తు ఎక్కువైనా
మనిషి రొట్టె నమలలేడు.
ఆ వేళ్లతోనే రాత్రి
తెర మీద మూడు గీతలు పట్టుకుని కూచుంటాను,
పైకి ఇంత, కిందికి ఇంత.

ముందే చెప్పాను, ఎర్ర దీపం వెలగకూడదని.
పాలు కాచేటప్పుడు గిన్నెకు పైన వెలితి ఉంచినట్టు
గొంతుకూ కాస్త చోటు వదలాలని.
జుంబెర్ మూడో చరణంలో పొంగించేశాడు.
విరిగిన స్వరాన్ని ఏ మీటా అతికించదు.
మళ్లీ పాడమంటే
"అప్పుడొచ్చిన కోపం ఇప్పుడెక్కణ్ణుంచి తేను" అన్నాడు.
పాడాడు.
కోపం లేకుండానే బాగుంది, ఆ మాట ఆయనకు చెప్పలేదు.

తరువాత మొదలైంది అసలు పని.
మఖ్వాలా ఫోను చేసింది: నేను వినపడటం లేదు.
పెంచాను.
జుంబెర్ చేశాడు: ఆవిడ తప్ప ఎవరూ వినపడటం లేదు.
పెంచాను.
ఒతియా ఫోను చెయ్యలేదు. మెట్లెక్కి వచ్చాడు,
ఆలుబుఖారా పచ్చడి సీసా బల్ల మీద పెట్టి
రెండుసార్లు విన్నాడు.
"ముగ్గురం ఒకే తలుపులోంచి
ఒకేసారి దూరుతున్నాం" అన్నాడు.
సీసా వదిలేసి దిగిపోయాడు.

అర్ధరాత్రి దాటాక అన్నిటినీ దించేశాను,
అట్టడుగుకి.
అక్కణ్ణుంచి ఒక్కొక్కరినే పిలుద్దామని.
మొదట ఒతియా.
పాట ఎత్తుకోక ముందే,
ఆయన గొంతు సవరించుకోక ముందే
అక్కడ ఒకటి ఉంది.
ఊఁ, అని.
హెడ్‌ఫోన్లు తీశాను. ఊఁ.
వెతుక్కుంటూ వెళ్తే మా ఫ్రిజ్జు.
అమ్మమ్మ కొన్నది, రబ్బరు ఊడిపోయి
కుర్చీ ఆనిస్తే తప్ప తలుపు పడనిది.
లోపల చీజుముద్ద, ఉప్పునీటి దోసకాయలు,
ఒక స్వరం.

చిరాకేసింది. రొద తుడిచే మీట ఒకటుంది, నొక్కాను.
శుభ్రంగా పోయింది.
పోగానే బాబాయి గొంతు
లేని మెట్టు మీద కాలు పెట్టినట్టు తూలింది.
ఆయన్ని పట్టుకుని నిలబడ్డ ఇద్దరూ తూలారు.

ఆ రోజు శ్రుతి ఎవరూ ఇవ్వలేదు.
నేనూ అడగలేదు.
వంటింట్లో కూచున్న మనిషి
వంటిల్లు ఇచ్చింది పుచ్చుకున్నాడు.

రాత్రి రెండింటికి
పరుపు ఈడ్చుకొచ్చి, మైకు పెట్టి
ఫ్రిజ్జును విడిగా రికార్డు చేశాను.
నాలుగో గీత.
పేరు రాసే గడిలో "వంటిల్లు" అని కొట్టాను.
ఎంతలో ఉంచాలి దాన్ని?
తెలిసేలా ఉంటే ఫ్రిజ్జు.
లేకపోతే నేల లేదు.
దించుతూ, దించుతూ,
ఉందని ఒట్టేసి చెప్పలేని చోట,
తీస్తే మాత్రం ఎవరో లేచి వెళ్లినట్టుండే చోట
వేలు తీసేశాను.
మైనస్ ముప్ఫై రెండు.
ఆ తరువాత ముగ్గురినీ తగ్గించాను.
ఎవరూ ఫోను చెయ్యలేదు.

ఆదివారం ఒతియా మళ్లీ వచ్చాడు.
ఆయాసం తీరేదాకా కిటికీలోంచి రియోని నదిని చూశాడు.
విన్నాడు.
"ఎవర్ని పెంచావు?"
"ఎవర్నీ లేదు."
తల పంకించి, పచ్చడి ఇంకా బయటే ఉందేమని గొణుక్కుంటూ
సీసా తీసుకుని ఫ్రిజ్జు తలుపు తెరిచాడు.
టక్కుమని మోటారు ఆగింది.
స్పీకర్లలో ఆగలేదు.

సీసా చేతిలోనే ఉంది.
ఫ్రిజ్జు కేసి చూశాడు, స్పీకర్ల కేసి చూశాడు,
మళ్లీ ఫ్రిజ్జు కేసి.
చలి అంతా గదిలోకి వచ్చేస్తోంది.
కుర్చీ పట్టుకుని నిలబడ్డాను నేను,
పాట అయ్యాక ఆనించవచ్చులెమ్మని.